క్యామ్ ఉన్న హాలింగ్ పుల్లీ: కొనేముందు దేన్ని దేనితో పోల్చాలి

తాడుతో బరువును పైకి లాగేటప్పుడు మనకు కావలసినవి రెండే. తాడు తేలిగ్గా తిరగాలి, చెయ్యి వదిలితే బరువు వెనక్కి జారకూడదు. తిప్పే పని పుల్లీది, పట్టుకునే పని క్యామ్‌ది. ఆ రెండిటినీ ఒకే పరికరంలో కలిపితే వచ్చేదే క్యామ్ పుల్లీ. లాగినంతసేపు తాడు చక్రం మీద తిరుగుతుంది. లాగడం ఆపగానే స్ప్రింగు మీద ఉన్న క్యామ్ తాడును చక్రానికేసి నొక్కి పట్టుకుంటుంది. పెట్జల్ వాళ్ళ ట్రాక్షన్ వరుస, ఎడెల్‌రిడ్ స్పాక్, క్లైంబింగ్ టెక్నాలజీ వాళ్ళ రోల్ ఎన్ లాక్ అన్నీ ఈ కుటుంబమే.

కొనేవాళ్ళలో చాలామంది ముందు బరువు చూస్తారు, తర్వాత ఎఫిషియెన్సీ (మీరు పెట్టే బలంలో రాపిడికి పోగా బరువుకు అందే శాతం) చూస్తారు, అక్కడితో ఆగిపోతారు. నేను అడగమనే మొదటి ప్రశ్న వేరే ఉంది. తాడు చివర వేలాడుతున్నది సామాను మూటా, మనిషా? మనిషైతే, సగం దూరం లాగాక మళ్ళీ కిందికి దించాల్సి వస్తే ఏం చేస్తారు? దీనికి జవాబు దొరికితే సగం మోడళ్ళు వాటంతట అవే పక్కకు పోతాయి.

దించాల్సి వస్తే

క్యామ్ పుల్లీ ఒక వైపు మాత్రమే నడిచే పరికరం. బరువు వేలాడుతుండగా క్యామ్‌ను వేలితో విప్పలేరు, ఎందుకంటే ఆ బరువే క్యామ్‌ను తాడు మీదికి తొక్కి పెడుతుంది. విప్పాలంటే ముందు బరువును ఒకటి రెండు సెంటీమీటర్లు పైకి ఎత్తాలి, క్యామ్ వదులైన ఆ క్షణంలో వెనక్కి లాగి బటన్‌తో తెరిచి పెట్టాలి. మూటైతే ఇది పెద్ద విషయం కాదు. మనిషైతే ఇక్కడే మొదటికి మోసం వస్తుంది.

ఎందుకో లెక్క చూడండి. 91 శాతం ఎఫిషియెన్సీ ఉన్న పుల్లీలో క్యామ్ తెరిచేస్తే ఆ పుల్లీ ఇక బ్రేకు కాదు, నున్నగా తిరిగే చక్రం. 80 కిలోల మనిషి అటువైపు ఉంటే ఇటువైపు మీ చేతుల మీద పడేది దాదాపు 73 కిలోలు. మంచి బేరింగు లాగేటప్పుడు ఎంత సాయం చేస్తుందో, దించేటప్పుడు అంతగా ఎదురు తిరుగుతుంది. గ్లవ్స్ వేసుకుని గట్టిగా పట్టుకుంటే ఆపేయగలం అనుకోవడం ఆషామాషీ పొరపాటు కాదు.

తాడును మలుపులు తిప్పి చేతి మీద పడే బరువును సుమారు మూడో వంతుకు తగ్గించే 3:1 ఏర్పాటు ఇంకా కట్టే ఉంటే పరిస్థితి కొంత నయం. అప్పుడు చేతి మీద పడేది 24 కిలోల చిల్లర మాత్రమే కాబట్టి ఒకరు తాడు పట్టుకుంటే, మరొకరు క్యామ్‌ను తెరిచి ఉంచి, అర మీటరో మీటరో నెమ్మదిగా దించవచ్చు. మూల్గుతున్న మనిషిని రాతి అంచు కింద నుంచి కాస్త కిందికి తెచ్చి, మళ్ళీ పైకి తీసుకోవడానికి అది చాలు. పది మీటర్లు దించాలంటే మాత్రం చాలదు.

పది మీటర్లు దించే అవకాశం ఉన్న పని అయితే రెండు దారులున్నాయి. ఒకటి, క్యామ్ పుల్లీని నేరుగా యాంకర్‌కు (అంతా వేలాడదీసే గట్టి ఆధారానికి) తగిలించకుండా మధ్యలో విడుదల చేయగల ముడి పెట్టడం. 7 లేదా 8 మిల్లీమీటర్ల కార్డ్‌తో (సన్న తాడుతో) మంటర్ మ్యూల్ అనే ముడి కట్టి పైన ఓవర్‌హ్యాండ్‌తో భద్రం చేస్తే, బరువు మీద ఉండగానే విప్పి లోడ్‌ను వేరే డిసెండర్ (అదుపులో దించే పరికరం) మీదికి మార్చుకోవచ్చు. రెండోది, అసలు క్యామ్ పుల్లీ బదులు లాగడం, దించడం రెండూ చేసే పరికరం కొనడం. పెట్జల్ మాయెస్ట్రో, సీఎంసీ వాళ్ళ ఎంపీడీ, క్లచ్ ఆ జాతివి. వాటిలో చక్రం ఒక వైపే తిరుగుతుంది. లాగేటప్పుడు పుల్లీలా పనిచేసి, హ్యాండిల్ తిప్పగానే డిసెండర్ అవుతాయి. వాటి గురించి కింద మళ్ళీ వస్తాను.

ఎఫిషియెన్సీ అంకె చేతికి ఎంత తెస్తుంది

ఈ అంకెను అందరూ చూస్తారు, దానితో గుణకారం చేసి చూసేవాళ్ళు తక్కువ. 1:1లో, అంటే పైన పుల్లీ వేసి నేరుగా లాగే ఏర్పాటులో, లెక్క తేలిక. బరువును ఎఫిషియెన్సీతో భాగిస్తే చాలు. 60 కిలోల హాల్ బ్యాగ్ (పైకి లాగే సామాను మూట) అనుకుందాం. ఉత్త కారాబినర్ (మూత ఉన్న లోహపు కొక్కెం) మీద లాగితే సగం శక్తి రాపిడికే పోతుంది, మీరు 120 కిలోలు లాగాలి. ఇప్పుడు తయారీలో లేని పాత మినీ ట్రాక్షన్‌కు బేరింగు బదులు బుష్ ఉండేది, ఎఫిషియెన్సీ 71 శాతం. దాంతో 84 కిలోల పైచిలుకు. మైక్రో ట్రాక్షన్‌ది 91 శాతం, అంటే 66. ప్రో ట్రాక్షన్‌ది 95 శాతం, అంటే 63.

71 నుంచి 91కి దూకడంలో 18 కిలోలు మిగిలాయి. 91 నుంచి 95కి ఎక్కడంలో మిగిలింది 3 కిలోలే, దానికోసం 180 గ్రాములు ఎక్కువ మోయాలి. అందుకే పాత మినీ ఎవరైనా చవగ్గా ఇస్తామంటే వద్దనే చెబుతాను. ప్రో కొనడానికి కారణం మాత్రం ఈ 3 కిలోలు కావు. ప్రోలో చక్రం వ్యాసం 38 మిల్లీమీటర్లు, మైక్రోలో 25. సన్న తాడుతో ఈ తేడా పెద్దగా తెలియదు. 11 మిల్లీమీటర్ల గట్టి స్టాటిక్ (పెద్దగా సాగని) తాడు చిన్న చక్రం చుట్టూ వంగాలంటే మొరాయిస్తుంది, కాబట్టి డబ్బా మీద రాసిన శాతం అంతా చేతికి రాదు. తాడు మందం పెరిగే కొద్దీ పెద్ద చక్రం విలువ పెరుగుతుంది.

3:1కి వచ్చేసరికి కథ మారుతుంది. జెడ్ ఆకారంలో కట్టే ఈ ఏర్పాటులో రెండు మలుపులుంటాయి: యాంకర్ దగ్గర ఒకటి, లోడ్ తాడు మీద రోప్ గ్రాబ్‌కు (తాడును పట్టుకునే చిన్న పరికరానికి) తగిలించి ముందుకు వెనక్కి జరిగేది ఒకటి. పేరుకు 3:1, చేతికి వచ్చేది మాత్రం రాపిడి పోను మిగిలినదే. రెండు చోట్లా 91 శాతం పుల్లీలుంటే 2.74:1 వస్తుంది, 80 కిలోలకు 29 కిలోలు లాగితే చాలు. రెండు చోట్లా కారాబినర్లే ఉంటే 1.75:1, అంటే 46 కిలోలు. ఇందులో తాడు రాతి అంచుకో మంచు అంచుకో రాసుకునే రాపిడి కలపలేదు. నిజంగా లాగేటప్పుడు అదే ఎక్కువ ఉండొచ్చు.

చాలామంది గమనించని సంగతి ఇంకొకటి. మీ దగ్గర మంచి పుల్లీ ఒక్కటే ఉండి, రెండో చోట కారాబినర్‌తో సరిపెట్టుకోవాల్సి వస్తే, పుల్లీ ఏ చోట పెట్టారన్నది లెక్కను మార్చేస్తుంది. చేతికి దగ్గరి మలుపులో, అంటే జరిగే చోట, పెడితే 34 కిలోలు లాగాలి. యాంకర్ దగ్గర పెడితే 41. చేతి నుంచి వచ్చే తాడు మొదటి మలుపులో పోగొట్టుకున్నది తర్వాతి మలుపుకు కూడా అందదు, అందుకే ఈ తేడా. ఖరీదైన క్యామ్ పుల్లీ సహజంగా యాంకర్ దగ్గరికే పోతుంది, ఎందుకంటే జారకుండా పట్టుకోవాల్సింది అక్కడే. కాబట్టి దాన్ని కొన్నవాళ్ళు జరిగే మలుపు కోసం బేరింగు ఉన్న మామూలు చిన్న పుల్లీ కూడా కొనాలి. క్యామ్ పుల్లీని ఒక మెట్టు మంచిది కొనడం కన్నా ఈ రెండో పుల్లీయే ఎక్కువ లాభం.

పళ్ళు

ఈ చిన్న పరికరాల్లో చాలావాటి క్యామ్‌కు పళ్ళుంటాయి. దగ్గర నుంచి చూస్తే సూదుల వరుసలా, ఒక వైపు వాలి ఉంటాయి. వాటి మధ్య చిన్న చీలిక ఉంటుంది, బురదో మంచో తాడుతో పాటు వస్తే అందులోంచి బయటికి పోవడానికి. గడ్డ కట్టిన తాడు మీద ప్రూసిక్ ముడి (సన్న కార్డ్‌ను తాడు చుట్టూ చుట్టి వేసే, బరువు పడితే బిగిసే ముడి) సబ్బు పూసినట్టు జారిపోతుంటే ఈ పళ్ళు మాత్రం పట్టు వదలవు. 8 మిల్లీమీటర్ల లోపు తాళ్ళ మీద కూడా ఇవే నమ్మకం, ఎందుకంటే ప్రూసిక్ పట్టాలంటే కార్డ్ తాడు కన్నా సన్నగా ఉండాలి, అంత సన్న తాడు మీద అంతకన్నా సన్న కార్డ్ అంటే బలం చాలదు.

పళ్ళకు ఇంకో ముఖం ఉంది. మైక్రో ట్రాక్షన్ లాంటి పుల్లీ మీద మామూలు పుల్లీగా వాడితే 15 కిలోన్యూటన్ల బలం అని ఉంటుంది. ఒక కిలోన్యూటన్ అంటే సుమారు 100 కిలోలు వేలాడినట్టు. ఆ పెద్ద అంకె చూసి ధైర్యపడితే పప్పులో కాలేసినట్టే. క్యామ్ పట్టుకున్నప్పుడు పనికి వాడదగిన లోడ్ 2.5 కిలోన్యూటన్లు, 4 కిలోన్యూటన్ల దగ్గర పళ్ళు తాడు పై తొడుగును చీల్చడం మొదలుపెట్టొచ్చు. రోప్ క్లాంపుల ప్రమాణం ఈఎన్ 567లో పరీక్ష లోడ్ కూడా 4 కిలోన్యూటన్లే. పుల్లీల ప్రమాణం ఈఎన్ 12278 వేరు. ఒకే పరికరం మీద రెండు ప్రమాణాలూ ముద్రించి ఉంటే, మీరు వాడబోయేది ఏ రూపంలోనో ఆ అంకెనే చూడాలి.

వేలాడే మనిషి బరువు ఒక కిలోన్యూటన్ లోపే కదా, 4 ఎక్కడి నుంచి వస్తుంది అనిపించొచ్చు. రెండు దారుల్లో వస్తుంది. ఒకటి, వదులు తాడు మీద పడటం. ఒక మీటరు వదులుతో పడినా, తాడు సాగనిదైతే కుదుపు చాలా పెద్దది. రెండోది ఇంకా మామూలుగా జరిగేది. మనిషి అంచు కింద ఇరుక్కుంటాడు, పైవాళ్ళు రావడం లేదని ఇంకా బలంగా లాగుతారు. ముగ్గురు తలా 40 కిలోల చొప్పున లాగితే, చేతికి 4:1 వచ్చే 5:1 ఏర్పాటులో లోడ్ తాడు మీద 480 కిలోలు పడతాయి. అంటే 4.8 కిలోన్యూటన్లు. ఎవరూ పడలేదు, ఏదీ తెగలేదు, అయినా హద్దు దాటిపోయింది. అందుకే 3:1 మీద ఒకరిద్దరు లాగితే రాకపోతే, ఇంకొందర్ని పిలవడం కాదు, ఎక్కడ ఇరుక్కుందో చూడటం ముందు.

ప్రూసిక్‌కు ఉన్న సుగుణం ఇక్కడే. లోడ్ మరీ ఎక్కువైతే అది జారుతుంది, తొడుగును ఒక్కసారిగా చీల్చదు. సంస్థలుగా పనిచేసే రెస్క్యూ టీముల్లో చాలామంది మనిషిని మోసే తాడు మీద పళ్ళున్న క్యామ్ వద్దంటారు. వాళ్ళు ప్రూసిక్‌తో కలిసి పనిచేసే వెడల్పు ప్లేట్ల పుల్లీని వాడతారు. దాని ప్లేట్ల కింది అంచు బల్లపరుపుగా ఉండి, ముడి చక్రంలోకి దూరిపోకుండా ఆపుతుంది. మామూలు కారాబినర్ మీద ప్రూసిక్ వేస్తే ఒకరు ఎప్పుడూ దాన్ని చేత్తో పట్టుకుని ఉండాలి. చేతులు తక్కువ ఉన్నచోట ఇదే అసలు తలనొప్పి. పైగా ప్రూసిక్ బిగిసే లోపు ప్రతిసారీ కొన్ని సెంటీమీటర్లు వెనక్కి పోతాయి. ఇరుకు చోట ఒక్కో లాగుకు అర మీటరే వస్తుంటే, ఆ నష్టం ఒళ్ళు హూనం చేస్తుంది. క్యామ్ దాదాపు ఏమీ పోనివ్వదు.

గార్డా ముడి (రెండు కారాబినర్లతో వేసేది, తాడు ఒక వైపే జరుగుతుంది), గైడ్ మోడ్‌లో బెలే ప్లేటు (యాంకర్‌కు తగిలించి కింద ఎక్కేవాడి తాడును పట్టే ప్లేటు) కూడా ఇదే పని చేస్తాయి కదా అంటే, చేస్తాయి, చేతిలో ఇంకేమీ లేనప్పుడు. రెండిట్లోనూ రాపిడి బాగా ఎక్కువ, గార్డా అయితే లోడ్ మీద విప్పడం మరీ కష్టం. నేర్చుకోవాలి, కానీ వాటిని నమ్ముకుని పుల్లీ మానేయడం తెలివి కాదు.

మోడళ్ళను పక్కపక్కన పెడితే

నానో ట్రాక్షన్ 53 గ్రాములు. హార్నెస్‌కు తగిలించుకుని మర్చిపోయేంత తేలిక. గ్లేసియర్ మీద నడిచేవాళ్ళకు, సన్న తాళ్ళు వాడేవాళ్ళకు, ఏడాదికి ఒకసారి కూడా వాడకపోవచ్చు కానీ లేకుండా వెళ్ళకూడదు అనుకునేవాళ్ళకు ఇదే సరి. చక్రం చిన్నది, కాబట్టి రోజూ మూటలు లాగే పనికి వద్దు.

మైక్రో ట్రాక్షన్ 85 గ్రాములు. ఈ మొత్తం గుంపులో ఒకటే కొనాలి అని ఎవరైనా గట్టిగా అడిగితే నేను చెప్పేది ఇదే. సీల్డ్ బాల్ బేరింగు, 11 మిల్లీమీటర్ల దాకా తాళ్ళు, తేలికపాటి మూటలు, క్రెవాస్ రెస్క్యూ (మంచు పగుల్లో పడినవాళ్ళను పైకి తీయడం), అవసరమైతే తాడు ఎక్కడానికి అసెండర్‌గా. ఏ పనిలోనూ అన్నిటికన్నా గొప్పది కాదు, ఏ పనిలోనూ చేతులెత్తేయదు. దీనితో ఒక చిక్కు మాత్రం చెప్పాలి. తాడు వేయాలంటే పుల్లీని కారాబినర్ నుంచి తీసి ప్లేటు తిప్పి తెరవాలి. గ్లవ్స్ వేసుకున్న చేతులతో, గాలిలో, ఆ క్షణంలో పుల్లీ దేనికీ తగిలించి ఉండదు. జారితే పోయినట్టే.

ఎడెల్‌రిడ్ స్పాక్ 61 గ్రాములు, ఎఫిషియెన్సీ మైక్రో దరిదాపుల్లోనే. బరువుకూ పనికీ మధ్య మంచి రాజీ. నానో, మైక్రోల మధ్య ఊగిసలాడేవాళ్ళు దీన్ని చేతిలోకి తీసుకుని చూడటం మంచిది. క్యామ్ తెరిచి పెట్టే పద్ధతి ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది, మీ వేళ్ళకు ఏది అలవాటవుతుందో కాగితం మీద తేలదు.

రోల్ ఎన్ లాక్ 80 గ్రాముల చిల్లర. తాడుతో పాటు టేపు (చదునైన నేత పట్టీ) మీద కూడా పట్టడం దీని ప్రత్యేకత. పుల్లీ, అసెండర్ రెండూ ఒకటే కావాలి అనుకునేవాళ్ళది. కేవలం లాగడమే మీ పని అయితే బాల్ బేరింగు ఉన్నదాని వైపే మొగ్గండి.

ప్రో ట్రాక్షన్ 265 గ్రాములు, తాళ్ళు 8 నుంచి 13 మిల్లీమీటర్ల దాకా. దీని పక్క ప్లేటు యాంకర్‌కు తగిలించి ఉండగానే తెరుచుకుంటుంది, కాబట్టి పైన చెప్పిన జారిపోయే భయం లేదు. నాకైతే 95 శాతం కన్నా ఈ ఒక్క సంగతే ఎక్కువ విలువైనది. కింద అదనంగా తగిలించుకునే చోటు ఉండటం వల్ల ఎక్కువ మలుపుల ఏర్పాటు కట్టడం కూడా సులువు. బిగ్ వాల్ (రోజుల తరబడి ఎక్కే ఎత్తైన రాతి గోడ) మీద బరువైన మూటలు రోజూ లాగేవాళ్ళు, మందపు స్టాటిక్ తాళ్ళతో పనిచేసేవాళ్ళు 265 గ్రాములకు ఏడవక్కర్లేదు.

మాయెస్ట్రో, ఎంపీడీ, క్లచ్ ఇంకో లోకం. బరువు కిలో దరిదాపుల్లో ఉంటుంది, ధర కూడా అదే తీరు. వాటికి తగిన తాడు మందం పరిధి చాలా ఇరుకు. మాయెస్ట్రోలో ఎస్ సైజు 10.5 నుంచి 11.5 మిల్లీమీటర్లకు, ఎల్ సైజు 12.5 నుంచి 13 మిల్లీమీటర్లకు. మీ తాడు 10 మిల్లీమీటర్లైతే ఇవి మీకోసం కావు, చర్చే లేదు. పళ్ళు లేవు, తాడును విశాలంగా నొక్కి పట్టుకుంటాయి, హ్యాండిల్‌తో దించవచ్చు. స్ట్రెచర్‌తో పనిచేసే టీముకు, తాళ్ళ మీద మనిషిని పదే పదే పైకీ కిందికీ కదిపేవాళ్ళకు ఇది ఖర్చు కాదు, అవసరం. ఐడీ, రిగ్ లాంటి మామూలు డిసెండర్లను యాంకర్ దగ్గర పెట్టి 3:1 కట్టడం కూడా చాలామంది చేస్తారు. దించడం బాగుంటుంది, లాగడం మాత్రం బరువు. వాటిలో తిరిగే చక్రం లేదు, తాడు రాసుకుంటూ పోతుంది. తక్కువ ఎత్తుకు, అప్పుడప్పుడూ అయితే సరే.

మీ పని ఏది

గ్లేసియర్ మీద ఇద్దరు ముగ్గురు ఒక తాడుకు కట్టుకుని వెళ్ళే పని అయితే, ఒక్కొక్కరి దగ్గర ఒక నానో లేదా మైక్రో, ఒక టిబ్లాక్ లాంటి చిన్న రోప్ గ్రాబ్, ఒక తేలిక పుల్లీ. టిబ్లాక్ 35 గ్రాములే. పైనున్నవాడు లాగడానికి ఈ సరంజామా ఎంత పనికొస్తుందో, కింద పడినవాడు తనంతట తాను తాడు ఎక్కి రావడానికీ అంతే పనికొస్తుంది. పంచుకుని మోద్దాం, ఒకడి దగ్గర పుల్లీ, ఇంకొకడి దగ్గర గ్రాబ్ అనే లెక్క ఇక్కడ పనికిరాదు, పగుల్లో పడేది పుల్లీ ఉన్నవాడే కావచ్చు. తాడులో బ్రేక్ ముళ్ళు (ఎవరైనా పడితే మంచు అంచులో ఇరుక్కుని ఆపేవి) వేసుకుని నడిచే అలవాటు ఉంటే ఇంకోటి గుర్తుంచుకోవాలి. ఆ ముళ్ళు ఏ క్యామ్ పుల్లీలోంచీ పోవు. అప్పుడు మిగిలిన తాడుతో లూపు కిందికి వదిలి, పడినవాడి హార్నెస్‌కు పుల్లీ తగిలించి 2:1తో లాగడం మేలు. కొత్త తాడు కొత్త చోట, కింద బ్యాగో గొడ్డలో పరిచిన అంచు మీదుగా వస్తుంది కాబట్టి, మంచులో కోసుకుపోయిన పాత తాడుతో కుస్తీ పట్టక్కర్లేదు. లోతుకు రెండింతలు తాడు మిగిలి ఉండాలి, అదే షరతు.

మూటలు లాగే బిగ్ వాల్ పనిలో ఒక రాత్రికి సరిపడే 30, 40 కిలోలైతే మైక్రో చాలు. అంతకు మించితే ప్రో. 1:1లో చేతులతో కాకుండా ఒంటి బరువుతో లాగాలి. లాగే తాడు మీద అసెండర్‌ను హార్నెస్‌కు తగిలించి కూర్చున్నట్టు కిందికి వంగితే, మీ బరువు కన్నా తేలికైన మూట కదులుతుంది. మీ బరువును మించితే 2:1కి మారాలి. డైనమిక్ తాడుతో మూట లాగకండి. ప్రతి లాగులో ముందు తాడు సాగుతుంది, ఆ తర్వాతే మూట కదులుతుంది. స్టాటిక్ లేదా తక్కువ సాగే తాడే దీనికి తగినది.

మల్టీపిచ్ (ఒక తాడు పొడవుకు మించిన గోడను విడతలుగా) ఎక్కేవాళ్ళు రెండో మనిషికి కష్టమైన చోట కాస్త సాయం చేయడానికి కొంటున్నామంటే, ముందు గైడ్ మోడ్ ప్లేటుతో సాయం చేయడం నేర్చుకోండి. పుల్లీ కొంటే స్పాక్ లేదా మైక్రో, దానితో పాటు విడుదల చేయగల ముడి కట్టడానికి ఒక కార్డ్.

ఒంటరిగా టాప్ రోప్ (పైన కట్టి ఉన్న తాడు) మీద ఎక్కడానికి ఈ పుల్లీలను వాడేవాళ్ళు చాలామందే ఉన్నారు. దానికోసమే కొంటుంటే ఒకటి కాదు, రెండు పరికరాలు కావాలి. తాడు ఎప్పుడూ వదులుగా ఉండకూడదు, తయారీదారు ఆ వాడకం గురించి రాసిన పేజీ ఒక్క వాక్యం వదలకుండా చదవాలి. క్యామ్‌ను తెరిచి పెట్టే బటన్ రాయికో, హార్నెస్ పట్టీకో తగిలి దానంతట అదే నొక్కుకుని క్యామ్ తెరుచుకుని ఉండిపోవచ్చు, అప్పుడు మీరు బెలే మీద ఉన్నామనుకుంటూ ఏమీ లేకుండా ఎక్కుతుంటారు. ఇద్దరు కలిసి కదులుతూ ఎక్కేటప్పుడు మధ్యలో ప్రొటెక్షన్‌కు (పడితే ఆపడానికి గోడలో పెట్టే ఆధారానికి) ఈ పుల్లీ తగిలించడం కూడా ఇంతే టెన్షన్ వ్యవహారం. అందులో క్యామ్ మీద పడేది వేలాడే బరువు కాదు, పడిన కుదుపు.

రెస్క్యూ టీములకు నా సలహా పొట్టిది. తాడు మందం ముందు ఖాయం చేసుకోండి, దానికి తగ్గ మాయెస్ట్రో లేదా క్లచ్ రెండు కొనండి, ఒకటి ప్రధాన తాడుకు, ఒకటి రెండో తాడుకు. ప్రో ట్రాక్షన్‌ను, లాగే తాడు చివర దిశ మార్చడానికో, ఎక్కువ మలుపుల ఏర్పాటులో రీసెట్ కోసమో ఉంచుకోండి.

కౌంటర్ దగ్గర చేతిలోకి తీసుకున్నాక

మీ తాడు ముక్క ఒకటి వెంట తీసుకెళ్ళండి, వీలైతే కొత్తది ఒకటి, వాడి నూగు లేచినది ఒకటి. పుల్లీలో తాడు వేసి లోడ్ వైపు నెమ్మదిగా లాగితే క్యామ్ వెంటనే పట్టాలి. వెంటనే పట్టకుండా తాడు కొంచెం జారి ఆగితే ఆ తాడుకు ఆ పుల్లీ సరిపడలేదని అర్థం. ప్లేటు మీద చేతి బొమ్మ, లోడ్ బొమ్మ చెక్కి ఉంటాయి. తాడును తిరగేసి వేస్తే ఏమవుతుందో కూడా అక్కడే చూడండి, పుల్లీ పట్టదు. చీకట్లో, అలసటలో ఆ బొమ్మలు కనబడవు కాబట్టి, తాడు వేసిన ప్రతిసారీ లోడ్ వైపు ఒకసారి గుంజి చూడటం అలవాటు కావాలి.

చక్రాన్ని వేలితో తిప్పితే శబ్దం లేకుండా చాలాసేపు తిరగాలి, పక్కలకు ఊగకూడదు. క్యామ్ తెరిచి పెట్టే బటన్‌ను గ్లవ్స్ వేసుకుని నొక్కి చూడండి. చాలా తేలిగ్గా పడితే ప్రమాదం, అసలు పడకపోతే చలిలో పనికిరాదు. తగిలించే కారాబినర్ రెండు ప్లేట్లలోంచీ వెళ్ళాలి, లాకింగ్‌ది అయి ఉండాలి. ఓవల్ ఆకారమైతే పుల్లీ నిటారుగా కూర్చుంటుంది. వంకర ఆకారపు కారాబినర్‌లో పుల్లీ ఒక పక్కకు జరిగి ప్లేటు తాడుకు రాసుకుంటుంది, 91 శాతంలో కొంత అక్కడే పోతుంది. తాడు మందం పరిధిలో కనిష్ఠం పాత తయారీకీ కొత్త తయారీకీ ఒకటే ఉండదు. 8 మిల్లీమీటర్ల కన్నా సన్న తాడు వాడేవాళ్ళు ఆ పరికరం మీద చెక్కిన అంకెనే నమ్మాలి, స్నేహితుడి దగ్గరున్న అదే పేరు పుల్లీని కాదు.

ఒకరు వాడినది కొనకండి. పళ్ళ అరుగుదల కంటికి తెలియదు, స్ప్రింగు అలసట అసలే తెలియదు. మీది మీరు వాడాక మాత్రం గోరువెచ్చని నీళ్ళతో కడిగి నీడలో ఆరబెడితే చాలు. సీల్డ్ బేరింగులో నూనె పోయక్కర్లేదు, పోస్తే దుమ్ము అంటుకుంటుంది. క్యామ్ ఇరుసు బిగుసుకుంటే దాని దగ్గర మాత్రం తయారీదారు చెప్పిన రకం ఒకటి రెండు చుక్కలు వేసి, పళ్ళ మీద పడినది గుడ్డతో పూర్తిగా తుడిచేయండి.